గుడ్ల బండి దీపం

ఆ వానాకాలం మా ఇంట్లో తిన్నన్ని ఆమ్లెట్లు మళ్ళీ ఏ కాలంలోనూ తినలేదు. పొద్దున్న ఆమ్లెట్టు, రాత్రి ఆమ్లెట్టు. రోడ్డు మీద గుంటలు ఎక్కడెక్కడ పడ్డాయో మునిసిపాలిటీ వాళ్ళకన్నా మా కంచాలకే బాగా తెలిసేది. మా ఆయన కంచం వంక చూసి, "ఇవాళ చిన్న గుంటేనన్నమాట" అనేవారు. అత్తయ్య మొదట్లో నవ్వేది. తర్వాత తర్వాత నవ్వడం మానేసింది.

అత్తయ్యది గుడ్ల వ్యాపారం. ఊరవతల కోళ్ళఫారం నుంచి మధ్యాహ్నం గుడ్లు వచ్చేవి. వాటిని ఒక్కొక్కటీ దీపానికి పట్టి చూసి, మంచివి అట్టట్రేలలో సర్ది, తెల్లవారకముందే స్కూటర్ మీద బేకరీలకి చేర్చేది. బేకరీ వాళ్ళు పిండి కలిపేదే చీకట్లో కాబట్టి గుడ్లు కూడా చీకట్లోనే అందాలి. మామయ్య ఉన్నప్పుడూ ఆ పని ఆవిడదే, పోయాకా ఆవిడదే. నేను కాపురానికి వచ్చిన నాటికే ఆ స్కూటరు ఎన్ని సార్లు రంగు మార్చుకుందో ఎవరికీ గుర్తు లేదు. ఇంట్లో ఎవరి మీద కోపం వచ్చినా ఆవిడ వెళ్ళి ఆ బండి తుడుస్తూ కూర్చునేది.

ఆ ఏడాది వానలకి కాస్త ముందు బస్టాండు దగ్గరి పెద్ద బేకరీ మాకు కుదిరింది. గుడ్లు ఇదివరకటికి రెట్టింపు కావాలన్నారు. స్కూటర్ వెనక ఉన్న చిన్న క్యారియర్ సరిపోదని వెల్డింగ్ కొట్టులో కొత్తది చేయించాం. వెనక్కి పొడుగ్గా, రెండు వరసలు పట్టేటట్టు. ట్రేలు ఎక్కిస్తే అత్తయ్య భుజాల దాకా వచ్చేవి. ఒక మనిషంత బరువు. మా ఆయన చూసి, అమ్మ వెనక ఇంకో అమ్మ కూర్చున్నట్టుంది అన్నారు. అప్పటినుంచే గుడ్లు పగలడం మొదలైంది. వానలు కూడా అప్పుడే దిగాయి కాబట్టి నింద అంతా వానల మీదికి పోయింది.

మా వీధి మా గేటు ముందు నుంచి తిన్నగా వెళ్ళి, చివర ఒక మేడ ఇంటి దగ్గర మలుపు తిరుగుతుంది. ఆ మేడ మీద ఉండే పెద్దాయన రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆయన గార్డుగారే. ఆయన పింఛను తీసుకోవడం ఎప్పుడైనా మరిచిపోతారేమో కానీ ఫిర్యాదు చేయడం మరిచిపోరు. మా కుళాయి చప్పుడు చేస్తోందని ఒకసారి, మా పిల్లి ఆయన పాలు తాగిందని ఒకసారి. మాకసలు పిల్లే లేదు. ఆ వానాకాలం కొత్త ఫిర్యాదు ఒకటి పట్టుకొచ్చారు. తెల్లవారుజామున మా బండి లైటు తన పడకగదిలో పడుతోందట, ఎదురుగా రైలు వస్తున్నట్టు ఉలిక్కిపడి లేస్తున్నారట. అత్తయ్య మర్యాదగా, ఈసారి నుంచి చూసుకుంటానన్నయ్యగారూ అని పంపించింది. ఆయన అటు వెళ్ళగానే మా ఆయన, మేడ మీది గదిలోకి స్కూటర్ లైటు ఎలా వెళ్తుంది, పెద్దాయనకి ఇంకా రైళ్ళ కలలు పోలేదు అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం.

గుడ్లు పగలడం ఎక్కువయ్యాక మెకానిక్‌ని పిలిపించాం. అత్తయ్యకి వరసకి తమ్ముడు కాకపోయినా చిన్నప్పటి నుంచి అక్కయ్యా అనే పిలుస్తాడు. బల్బు చిన్నది, అందుకే రోడ్డు కనిపించడం లేదు, పెద్ద బల్బు వేస్తే రాత్రి పగలైపోతుందని తేల్చేశాడు. వేశాడు కూడా. ఆ సాయంత్రం చీకటి పడగానే బండిని వాకిట్లో స్టాండ్ మీద నిలబెట్టి ఇంజన్ ఆన్ చేశారు. మా ఆయన యాక్సిలేటర్ తిప్పగానే ప్రహరీ గోడ మీద తెల్లటి వెలుగు పళ్ళెంలా పడింది. చెయ్యి వదిలేస్తే కాస్త ఎర్రబడింది. పరిగెత్తే బండికి ఆ బెంగ లేదన్నాడు మెకానిక్. అత్తయ్య ఆ గోడ వంక చాలాసేపు చూసింది. "బాగానే ఉందిరా" అంది. ఆ మాటలో సంతోషం లేకపోవడం నేను గమనించాను. బండి బాగుంటే బాగులేనిది ఇంకేమిటో ఆవిడ అప్పటికే లెక్క వేసుకుంటోందని మాత్రం నాకు తెలియలేదు.

తర్వాత వారంలోనే అది జరిగింది. తెల్లవారుతుండగా గేటు చప్పుడైతే వెళ్ళి చూశాను. రోడ్లు ఊడ్చే ఆవిడ ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో మా స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉంది. వెనక అత్తయ్య. మోచేయి చెక్కుకుపోయింది. రెయిన్‌కోటు నిండా గుడ్ల సొన.

"చీపురు చక్రం కింద పడేదాకా ఈవిడ నన్ను చూడలేదమ్మా" అంది ఊడ్చే ఆవిడ. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. "పసుపుపచ్చ కోటు వేసుకునే ఉన్నాను. అయినా చూడలేదు."

ఆవిడకి దెబ్బ తగలలేదు. అత్తయ్య బండిని పక్కకి లాగేసి తను పడింది. నేను ఊడ్చే ఆవిడకి టీ ఇచ్చాను. అత్తయ్య ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఎక్కడైనా గీసుకుపోయిందేమోనని చూసింది.

ఆ సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చీ రాగానే స్కూటర్ తీసుకుని, చీకటి పడేదాకా ఆగి, ఊళ్ళో నాలుగు రోడ్లు తిరిగొచ్చారు. దారిలో ఒక్క గుంట కూడా తప్పిపోలేదని, అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపించాయని చెప్పారు. బండి ఇంకోసారి చూపిద్దామా అని నేను అన్నాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, బండినేమీ అనకు" అన్నారు. ఆ మాట నన్ను అన్నా, తగిలింది అటు కూర్చున్న మనిషికి. ఆయనకీ అది తెలుసు. వెంటనే గొంతు తగ్గించి, "అమ్మా, ఇంక చాలు. వచ్చేవారం నుంచి గుడ్లు ఆటోలో పంపిద్దాం. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను" అన్నారు.

మామూలుగా అయితే ఆ మాటకి ఇల్లు ఎగిరిపోవాలి. అత్తయ్య లేచి వెళ్ళి బండి తాళం తెచ్చి బల్ల మీద పెట్టింది. నాకు భయం వేసింది అప్పుడే. ఆవిడ పోట్లాడి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేదాన్ని.

అప్పటికే ఇంట్లో ఇంకో వింత నడుస్తోంది. వంటింట్లో డబ్బాలన్నిటికీ స్థానాలు ఏర్పడ్డాయి. గోడ వైపు నుంచి ఉప్పు, పంచదార, టీ పొడి. ఎవరు వాడినా అక్కడే పెట్టాలి. జానెడు జరిపినా అత్తయ్య ఊరుకునేది కాదు. అంతకు ముందు మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో కనుక్కోవాలంటే కుటుంబ సభ్యులందరినీ పోగుచేయాల్సి వచ్చేది. ఒకసారి బీరువాలో దొరికింది. పెట్టింది అత్తయ్యే. అలాంటి మనిషి హఠాత్తుగా ఇంత పద్ధతిగా మారిందేమిటా అనుకున్నాను. దానితో పాటు నాకు గుడ్లు పట్టి చూడటం నేర్పడం మొదలుపెట్టింది. పనిలో సాయం కోసమేమో అనుకున్నాను.

తాళం బల్ల మీద పెట్టిన మర్నాడు, మధ్యాహ్నం పూట, పెరట్లోంచి వంటింట్లోకి వస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చెయ్యి డబ్బాల మీద. ఉప్పు. పంచదార. మూడో దాని మీద ఆగింది. నా అడుగుల చప్పుడు విన్నా కళ్ళు తెరవలేదు.

"మూడోది టీ పొడే కదూ?" అంది.

"అవునత్తయ్యా."

అప్పుడు కళ్ళు తెరిచి, పొయ్యి దగ్గరి పీట మీద కూర్చుంది. "మా అమ్మకి నా వయసులోనే మొదలైంది. ముందు చీకట్లో కనిపించడం మానేసింది. తర్వాత సాయంత్రాలు. ఆ తర్వాత పగలు కూడా. చివరికి గోడ పట్టుకునే నడిచేది. నేను పెళ్ళై వెళ్ళిపోయేటప్పుడు నా మొహం చేత్తో తడిమి చూసుకుంది." నా చెయ్యి పట్టుకుని, "వాడికి చెప్పకు" అంది.

డాక్టర్‌కి చూపించుకుందామన్నాను. తల అడ్డంగా ఊపింది. డాక్టరు చెప్పేదాకా అది అనుమానమే, చెప్పాక నిజం అయిపోతుందంది. ఇంత ధైర్యం గల మనిషికి అంత పిరికి మాట ఎలా వచ్చిందో అని నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం గుడ్లు చూడటానికి కూర్చున్నాం. చిల్లు పెట్టిన రేకు డబ్బా, లోపల బల్బు. చిల్లు మీద గుడ్డు పెడితే లోపలంతా నారింజరంగులో వెలుగుతుంది. నేను మంచిదని ట్రేలో పెట్టిన గుడ్డుని అత్తయ్య మళ్ళీ తీసి, దీపానికి ఒకసారి పట్టి, పక్కన పెట్టేసింది. వెంట్రుక మందం బీట ఉందట. నేను తిప్పి తిప్పి చూశాను. వేలు పెట్టి చూపిస్తే కానీ కనిపించలేదు.

"ఇది కనిపించిన కళ్ళకి రోడ్డు మీద మనిషి కనిపించదా అత్తయ్యా?" అన్నాను.

"దీపం ముందు ఉన్నది ఎవరికైనా కనిపిస్తుంది అమ్మాయ్. దీపం అందని చోట కదా గొడవంతా" అంది. అని, ఇంకో గుడ్డు తీసింది. ఆ మాట మా ఇద్దరి మధ్య నుంచి అలా వెళ్ళిపోయింది.

ఆటో అతను వచ్చేవారం దాకా ఖాళీ లేదన్నాడు. ఈలోగా బేకరీలు ఆగవు. మా ఆయన ఒక ఉపాయం చెప్పారు. తను టార్చి పట్టుకుని సైకిల్ మీద ముందు వెళ్తారట, గుంట కనిపిస్తే చెయ్యి ఊపుతారట, అత్తయ్య నెమ్మదిగా వెనకాల రావాలట. కొడుక్కి చిన్నప్పుడు నడక నేర్పాను, ఇప్పుడు వాడు నాకు దారి చూపిస్తాడన్నమాట అంది అత్తయ్య. జోకుగానే అంది. మేమెవరమూ నవ్వలేకపోయాం.

మర్నాడు తెల్లవారుజామున వాన వెలిసింది. వీధి దీపాలు ఎప్పటిలాగే పోయి ఉన్నాయి. ట్రేలు ఎక్కించి తాళ్ళు బిగించాం. మా ఆయన సైకిలెక్కి వీధి మధ్య దాకా వెళ్ళి ఆగారు. అత్తయ్య బండి మీద కూర్చుని, స్టార్ట్ చేసి, గేటు దాటించి, తిన్నగా నిలబెట్టి, యాక్సిలేటర్ తిప్పి పట్టుకుంది. నేను గేటు వేయడానికి వెనక నిలబడ్డాను.

ఆయన చొక్కా తెల్లది. బండి లైటు వెలుగుతూనే ఉంది. అయినా వీధి మధ్యలో నాకు ఆయన చేతిలోని టార్చి తప్ప ఆయన కనిపించలేదు. చొక్కా ఏమైందా అని చూస్తుంటే, వీధి చివర మేడ మీద గార్డుగారి కిటికీ తెల్లగా మెరిసింది. ఆ వెలుగులో కర్టెన్ పూలు కూడా కనిపిస్తున్నాయి. తర్వాత కర్టెన్ పక్కకి జరిగింది. గార్డుగారి తల కనిపించింది, చేత్తో కళ్ళకి అడ్డం పెట్టుకుని.

"అత్తయ్యా," అన్నాను, "కదలకండి. అలాగే కూర్చోండి."

మా ఆయన్ని వెనక్కి పిలిచాను. ఏమీ చెప్పకుండా వెనక వరసలో ట్రేలు దింపడం మొదలుపెట్టాను. నాకు పిచ్చెక్కిందేమోనన్నట్టు చూస్తూనే ఆయన కూడా చెయ్యి వేశారు. బరువు తగ్గుతున్న కొద్దీ బండి వెనక భాగం పైకి లేచింది. వీధి చివర వెలుగు కిటికీ దిగింది. వసారా రెయిలింగ్ దిగింది. కింది తలుపు మీదికి వచ్చింది. ఆఖరి ట్రేలు దింపేసరికి రోడ్డు మీద పరుచుకుంది. తడి రోడ్డు మీద గుంటలు, నీళ్ళు, ఎవరిదో తెగిన చెప్పు, అన్నీ కనిపించాయి.

అత్తయ్య బండి మీద అలాగే కూర్చుని రోడ్డు వంక చూస్తోంది.

"ఆ చెప్పు నాకూ కనిపిస్తోంది" అంది నెమ్మదిగా.

ఆ రోజు గుడ్లు తెల్లారాకే వెళ్ళాయి. బేకరీ వాళ్ళ చేత మాటలు పడ్డాం. ఆ మాటలు నాకు దీవెనల్లాగే వినిపించాయి.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చి సంగతి విని నుదురు కొట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఎన్ని బళ్ళకి లైటు చూశాడో, అన్నీ స్టాండ్ మీద ఖాళీగా నిలబెట్టే చూశాడట. మా ఆయన చూసిందీ ఖాళీ బండి మీదే. బరువు వేసుకుని వెళ్ళే బండిని బరువు లేకుండా పరీక్షించాం అందరం. పైగా ఆ పెద్ద బల్బు ఇంకో తలనొప్పి. ఆ పాత బండి ఇంజన్ ఇచ్చే కరెంటు దానికి చాలదు. ఒకరికి సరిపోయే దుప్పటి ముగ్గురు కప్పుకున్నట్టయింది. అత్తయ్య గుంట ఉందేమోనన్న భయంతో నెమ్మది చేసిన కొద్దీ ఇంజన్ నెమ్మదించి, లైటు ఇంకా ఎర్రబడి, అసలే ఆకాశం చూస్తున్న దీపం అది కూడా మానేసేది. ఎంత జాగ్రత్తగా నడిపితే అంత చీకటి.

మెకానిక్ పాత బల్బే మళ్ళీ పెట్టాడు. దాని వెనక అద్దంలా మెరవాల్సిన రేకు పెద్ద బల్బు వేడికి పచ్చబడిపోతే కొత్తది వేశాడు. హ్యాండిల్ కింద తీగ బిగించిన చోట తుప్పు గీకాడు. వెనక స్ప్రింగు బిగించాడు. క్యారియర్ సగానికి కోయించి, కొన్ని ట్రేలు అత్తయ్య కాళ్ళ ముందుకి మార్పించాడు. చీకటి పడ్డాక, బండి మీద అత్తయ్య, ముందూ వెనకా గుడ్లు, పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకుని మెకానిక్. ఈసారి ప్రహరీ గోడ కాదు. వీధి చివర గార్డుగారి ఇల్లే గురి.

ఆయన్ని వెళ్ళి పిలిచింది మా ఆయనే. చెప్పాల్సిన క్షమాపణ చెప్పుకుని, మీ ఫిర్యాదే నిజమని ఒప్పుకుని, సాయం చేయమన్నారు. అంతే, పెద్దాయన పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు. ఎక్కడినుంచి తీశారో పాత గార్డు లాంతరు తీసి, దాని పచ్చ అద్దం తుడుచుకుంటూ మేడ దిగారు. తన గుమ్మం దగ్గర నిలబడి, వెలుగు తలుపు మీదికి వస్తే ఎర్ర అద్దం చూపించారు, కిందికి దిగితే ఇంకా ఇంకా అని చెయ్యి ఊపారు. మెకానిక్ స్క్రూ తిప్పుతుంటే వెలుగు మెట్లు దిగి రోడ్డు పట్టుకుంది. గార్డుగారు పచ్చ అద్దం తిప్పి లాంతరు పైకెత్తారు. వీధిలో పిల్లలంతా పోగై చప్పట్లు కొట్టారు.

"బండి బయల్దేరవచ్చమ్మా" అన్నారాయన. వీధి మొత్తానికి వినిపించింది.

మర్నాడు తెల్లవారుజామున అత్తయ్య ఒక్కతే వెళ్ళింది. మా ఆయన సైకిల్ తీయబోతే వద్దంది. తిరిగొచ్చేదాకా ఆయన గేటు దగ్గరే నిలబడ్డారు, నేను ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాను. తెల్లారాక ఖాళీ ట్రేలతో వచ్చింది. దారిలో ఊడ్చే ఆవిడ దూరం నుంచే కనిపించిందట, బండి ఆపి పలకరించిందట. "మద్దెలదేనమ్మా తప్పు" అన్నారు మా ఆయన. అత్తయ్య కొడుకు నెత్తి మీద ఒక్కటి మొట్టి లోపలికి వెళ్ళింది. ఆ పూట మా ఇంట్లో ఆమ్లెట్టు లేదు.

అయినా నా మనసు పూర్తిగా కుదుటపడలేదు. బండి సంగతి తేలింది కానీ అత్తయ్య వాళ్ళ అమ్మ సంగతి అలాగే ఉంది. నేను ఎలా అడగాలా అని నాలుగు రోజులు మథనపడుతుంటే, ఒక పొద్దున్న అత్తయ్యే రెయిన్‌కోటు వేసుకుని వచ్చి, "పద, ఆ కళ్ళ డాక్టర్‌కి కూడా చూపించేద్దాం. బండికి చూపించినప్పుడు నాకు చూపించకపోతే ఏం బాగుంటుంది" అంది.

ఆస్పత్రిలో అత్తయ్య డాక్టరమ్మకి ముందు వాళ్ళ అమ్మ కథంతా చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో అడ్డు రాకుండా విని, మందు వేసి కూర్చోబెట్టి, యంత్రంలోకి చూడమని, ఒక్కో కన్నూ ఓపిగ్గా చూసింది. నేను అత్తయ్య చేతిసంచి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. చివరికి డాక్టరమ్మ లైటు ఆపి, "మీ అమ్మగారికి వచ్చినది మీకు లేదు. దగ్గరివి చదవడానికి అద్దాలు రాస్తాను. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి, అంతే" అంది.

బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుని అత్తయ్య ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్కన కూర్చున్న పేషెంట్లు మాకేదో ఘోరం చెప్పారనుకుని జాలిపడ్డారు. ఒకావిడ తన నీళ్ళ సీసా కూడా ఇచ్చింది. ఏడుపు ఆగాక అత్తయ్య ఆ నీళ్ళు తాగి, "ఎంత భయపడ్డానే" అంది. మాట చివర 'ఏ' చేర్చి, కూతురిని పిలిచినంత చనువుగా నన్ను ఆవిడ పిలవడం అదే మొదలు. ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

వానలు వెనకబట్టే రోజుల్లో గార్డుగారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఫిర్యాదు ఏమిటంటే, మా లైటు పడక ఆయనకి తెల్లవారుజామున మెలకువ రావడం లేదట, పాలవాడు వచ్చి వెళ్ళిపోతున్నాడట. అత్తయ్య మర్యాదగా, ఈసారి నుంచి వెళ్ళేటప్పుడు హారన్ కొడతాలెండి అన్నయ్యగారూ అంది.

ఆయన్ని కూర్చోబెట్టి టీ పెడదామని నేను వంటింట్లోకి వెళ్ళాను. గోడ పక్కన మొదటి డబ్బా తీస్తే అందులో టీ పొడి ఉంది. రెండోదాని జాగా ఖాళీ. మూడోది తెరిస్తే సూదులూ దారపు ఉండలూ. పంచదార ఎక్కడుందో తెలియలేదు. ఉప్పు డబ్బా జాడే లేదు. అలమరలు వెతికాను, బల్ల కింద వెతికాను. ఎందుకైనా మంచిదని బీరువా తెరిచాను. చీరల మధ్య ఉంది ఉప్పు డబ్బా, మూత కూడా సరిగ్గా లేకుండా.

"పంచదార ఎక్కడ పెట్టారత్తయ్యా?" అని అక్కడి నుంచే అడిగాను.

"నాకేం తెలుసే, అక్కడే ఎక్కడో ఉంటుంది. కళ్ళు పెట్టుకుని చూడు" అంది అత్తయ్య.